ఈస్టర్ ద్వీపవాసుల రక్తంలో అమెరికా జన్యువులు: ఎవరివి, ఎప్పటివి?

మీరు అడిగినవి మూడు. కిడ్నీ మార్పిడికి ముందు మీ నాన్నగారికి చేసిన హెచ్‌ఎల్‌ఏ (రోగనిరోధక జన్యువుల) పరీక్ష, పసిఫిక్‌లోని ఈస్టర్ ద్వీపవాసుల మూలాలు వెతకడానికి వాడిన హెచ్‌ఎల్‌ఏ ఒకటేనా? ఒకటే అయితే దాంతో మూలాలు ఎలా చెబుతారు? ఆ వైపు ద్వీపాల్లో మొదట స్థిరపడింది దక్షిణ అమెరికావాళ్లే అని వాదించిన నార్వే సాహసి థోర్ హేయర్‌డాల్ చెప్పిందే చివరికి నిజమైందా? మొదటిదానికి జవాబు అవును, అవే జన్యువులు. మూడోదానికి జవాబు కాదు, అయితే ఆయన మాటలో ఒక ముక్క మాత్రం నిలబడింది. రెండోదానికే ఎక్కువ చెప్పాలి. ముందుగా ఒక హెచ్చరిక: "ఈ జన్యువు ఎవరిది" అన్నది ఇందులో సులువైన ప్రశ్న. "అది ఎప్పుడు వచ్చింది" అన్నదే ప్రాణం తీసే ప్రశ్న. పత్రికల్లో వచ్చే వార్తలు మొదటిది చెప్పి రెండోదాన్ని దాటేస్తాయి.

హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఆరో క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఒకే పేటలో ఇళ్లలా దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒక వైపు ఏ, సీ, బీ. మరో వైపు డీఆర్, డీక్యూ, డీపీ. కణంలోని ప్రొటీన్ ముక్కలను పైకి తెచ్చి రోగనిరోధక కణాలకు చూపించడం వీటి పని. ఏ ముక్కను పట్టుకోగలవో అన్నది ఒక్కొక్క రూపానికీ మారుతుంది. రోగక్రిములు మారుతూ ఉంటాయి కాబట్టి ఈ జన్యువుల్లో వైవిధ్యం మన జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్‌ఏలో, మరెక్కడా లేనంత పెరిగింది. ఇప్పటిదాకా పేరు పెట్టిన రూపాలు, అంటే అల్లీళ్లు, 40,000కు పైనే. మూలాలు వెతికేవాళ్లకు ఈ వైవిధ్యమే పెట్టుబడి.

పేరు చదవడం తెలిస్తే సగం పని అయినట్టే. ఏ*02:12 అని ఉంటే, ఏ అన్నది జన్యువు, 02 అన్నది గుంపు, 12 అన్నది ఆ గుంపులో ఫలానా ప్రొటీన్. ఆ తర్వాత ఇంకో రెండు అంకెల జంటలు వచ్చినా అవి ప్రొటీన్‌ను మార్చని తేడాలు. మధ్యలో ఆ రెండు చుక్కలు 2010 నుంచి వచ్చాయి. అంతకుముందు వ్యాసాల్లో అదే అల్లీల్ ఏ*0212 అని కనిపిస్తుంది, వేరే అల్లీల్ అనుకోకండి. మీ నాన్నగారి రిపోర్టులో ఏ*02 అని మాత్రమే ఉందంటే గుంపు వరకే చూశారని అర్థం. మార్పిడి పనికి చాలాచోట్ల అది సరిపోతుంది. మూలాలకు మాత్రం అది దాదాపు దండగ. ఏ*02 ప్రపంచమంతా ఉంది. యూరప్‌లో అది చాలావరకు 02:01, మన దేశంలో 02:11 తరచుగా కనిపిస్తుంది, దక్షిణ అమెరికా ఆదివాసుల్లో కొందరికి 02:12 ఉంటుంది. గుంపు పేరు దగ్గర ఆగిపోతే ఓస్లో, ఒంగోలు, పెరూ అన్నీ ఒకటే.

ఇప్పుడు ద్వీపం సంగతి. రాపా నుయ్ అని అక్కడివాళ్లు పిలుచుకునే ఈ చోటు చిలీ తీరానికి 3,500 కిలోమీటర్లకు పైగా పడమర ఉంది. మనుషులున్న దగ్గరి చోటు పిట్‌కెయిర్న్, అదీ 2,000 కిలోమీటర్ల పైమాటే. విస్తీర్ణం 160 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పసిఫిక్ మధ్య ద్వీపాల ప్రజలైన పాలినీషియన్లు సుమారు 1200 ప్రాంతంలో వచ్చి స్థిరపడ్డారు. 1722 ఈస్టర్ ఆదివారం నాడు డచ్చి నావికుడు రోగ్గెవీన్ చూశాడు, అందుకే ఆ పేరు. ఈ కథలో మనకు అన్నిటికన్నా ముఖ్యమైన తేదీలు 1862, 1863. పెరూ బానిస వ్యాపారులు ఆ రెండేళ్లలో సుమారు 1,400 నుంచి 1,500 మందిని పట్టుకుపోయారు. ఒత్తిడి వచ్చాక కొందరిని తిప్పి పంపారు. ప్రాణాలతో దిగిన ఆ కొద్దిమందితో మశూచి దిగింది. 1877 నాటికి ద్వీపంలో మిగిలినవాళ్లు 111 మంది. 1888లో చిలీ ద్వీపాన్ని కలుపుకుంది, ఆపైన చిలీవాళ్ల రాకపోకలు మామూలయ్యాయి.

దీని అర్థమేమిటో గమనించండి. ఈనాటి రాపా నుయ్ మనిషి రక్తంలో దక్షిణ అమెరికా ఆదివాసుల జన్యువు దొరికితే, అది రావడానికి కనీసం మూడు దారులున్నాయి: 1722కు ముందు సముద్రయానం వల్ల జరిగిన కలయిక, పెరూ నుంచి తిరిగివచ్చినవాళ్లు, చిలీ నుంచి వచ్చినవాళ్లు. మూడు దారులనూ విడదీయలేని పద్ధతి ఎంత ఖరీదైనదైనా వృథాయే.

ఓస్లో విశ్వవిద్యాలయంలో ఇమ్యునాలజిస్ట్ ఎరిక్ థోర్స్‌బీ బృందం 1971లో అక్కడి రక్త నమూనాలు సేకరించింది. బయటివాళ్లతో కలవని కుటుంబాలుగా ద్వీపంలో పేరున్నవాళ్లను ఎంచుకున్నారు. ఆ రోజుల్లో హెచ్‌ఎల్‌ఏ పరీక్ష అంటే ప్రతిరక్షకాలతో చేసేది, అందులో గుంపు మాత్రమే తెలుస్తుంది. ఏ2 అంటే ఏ2, అంతే. డబ్బాలో ఉన్న అమెరికా రూపం అప్పుడు కళ్ల ముందే ఉన్నా కనబడే దారి లేదు. దాచిన సీరంలోంచి (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలోంచి) డీఎన్‌ఏ తీసి 48 మందికి పూర్తి స్పష్టతతో టైపింగ్ చేసిన, అంటే ఏ రూపాలున్నాయో గుర్తించిన, ఫలితం 2007లో వచ్చింది. 2008లో మళ్లీ నమూనాలు తీసుకుని 2012లో మరింత వివరంగా రాశారు.

దొరికినది ఇది. అందరికీ పాలినీషియన్ హెచ్‌ఎల్‌ఏ రూపాలున్నాయి. తల్లి వైపు వంశం చెప్పే మైటోకాండ్రియా డీఎన్‌ఏ అందరిదీ పాలినీషియన్‌దే. మగవాళ్లలో ఎక్కువమంది వై క్రోమోజోమ్ పాలినీషియన్‌ది, కొందరిది యూరపియన్‌ది. అక్కడితో ఆగి ఉంటే కథ ముగిసేది. కానీ కొందరిలో ఏ*02:12, బీ*39:05 కనిపించాయి. ఈ రెండూ దాదాపుగా అమెరికా ఆదివాసుల్లో తప్ప ఎక్కడా కనబడనివి.

తల్లి వైపు, తండ్రి వైపు గుర్తులు రెండూ చూపించనిది హెచ్‌ఎల్‌ఏ ఎలా చూపించింది? మన ఇంటిపేర్లతో పోల్చుకోండి. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది. కొడుకులు లేని ఇంట్లో ఇంటిపేరు ఆగిపోతుంది కానీ రక్తం ఆగదు, ఆడపిల్లల ద్వారా వేరే ఇంటిపేర్ల కింద సాగుతుంది. వై క్రోమోజోమ్ అచ్చంగా అంతే, మైటోకాండ్రియా దానికి తల్లి వైపు అద్దం. పది తరాల వెనక్కి వెళ్తే మీకు లెక్కప్రకారం 1,024 పూర్వీకుల స్థానాలుంటాయి. వై ఒక్కరిని, మైటోకాండ్రియా ఒక్కరిని చూపిస్తాయి. 111 మందికి పడిపోయిన జనాభాలో చిన్న వంశాలు ఇలా మొదట్లోనే రాలిపోతాయి. హెచ్‌ఎల్‌ఏ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఆడామగా ఏ దారిలోనైనా సాగుతుంది కాబట్టి బతికి బయటపడే అవకాశం ఎక్కువ.

ఏ రూపం "అమెరికాది" అని ఎలా అంటారు? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పాలినీషియన్ల పూర్వీకులు తూర్పు ఆసియా వైపు నుంచి వచ్చారు, అమెరికా ఆదివాసుల పూర్వీకులూ ఆసియా ఉత్తరం నుంచే వెళ్లారు. కాబట్టి ఏ*24:02, బీ*48:01 లాంటివి రెండు చోట్లా ఉంటాయి. బీ*48:01 రాపా నుయ్‌లో దొరికిందని ఎవరైనా గంతులేస్తే పట్టించుకోకండి, అది పాత ఉమ్మడి ఆస్తి. పనికొచ్చేవి మనుషులు అమెరికా చేరిన తర్వాత అక్కడే పుట్టిన రూపాలు. అలాంటివి ఉన్నాయని 1992లో నేచర్ పత్రికలో ఒకేసారి వచ్చిన రెండు వ్యాసాలు చూపించాయి. ఈక్వడార్‌లో వాఓరానీ, బ్రెజిల్‌లో కైంగాంగ్, గ్వారానీ తెగల్లో బీ జన్యువులో కొత్త రూపాలు బయటపడ్డాయి. ఒక అల్లీల్‌లోని చిన్న ముక్కను ఇంకో అల్లీల్‌లోకి అతుకులా కాపీ చేయడం వల్ల ఇవి పుడతాయి. మిగతా జన్యువుల్లో కొత్త రూపం స్థిరపడటానికి పట్టే కాలంతో పోలిస్తే ఇది చాలా వేగం. అందుకే దక్షిణ అమెరికాకు తనదైన బీ జాబితా ఏర్పడింది.

ఈ వేగానికి ఒక చిక్కు కూడా ఉంది. అతుకు వేయడం అమెరికాలో జరగగలిగితే పసిఫిక్‌లోనూ జరగవచ్చు. పాలినీషియన్లకు బీ*39:01 ఉంది. దాని మీద అలాంటి అతుకే పడి 39:05 అక్కడే పుట్టిందేమో అని ఎవరైనా అడగవచ్చు. జవాబు పొరుగు జన్యువుల్లో ఉంటుంది. సీ జన్యువు బీకి సుమారు 85,000 డీఎన్‌ఏ అక్షరాల దూరంలోనే ఉంటుంది, తరాలు గడిచినా ఆ జంట సాధారణంగా విడిపోదు. పక్కనున్న సీ, డీఆర్ రూపాలు అమెరికాలో దాని పక్కన ఉండేవే అయితే వలస వచ్చిందని చెప్పవచ్చు. పాలినీషియన్ పొరుగు మధ్య ఒంటరిగా ఉంటే ప్రొటీన్ మార్చని భాగాలు కూడా చదివి చూడాలి. ప్రొటీన్ ఒకేలా ఉండి ఇంట్రాన్లు, అంటే జన్యువులో ప్రొటీన్‌గా మారని భాగాలు, వేరుగా ఉంటే అది వేరే పుట్టుక.

ఇక "ఎప్పుడు" అన్న ప్రశ్న. ఒకే క్రోమోజోమ్ మీద పక్కపక్కనున్న ఏ, బీ, సీ, డీఆర్ రూపాలు కట్టగా పిల్లలకు వెళ్తాయి, ఆ కట్టను హాప్లోటైప్ అంటారు. అమ్మమ్మ నగల పెట్టెలా అనుకోండి. కాసులపేరు, వడ్డాణం, జూకాలు కలిసే ఒక కూతురికి వెళ్తాయి. ఎప్పుడో ఒకసారి మాత్రం రెండు పెట్టెల మధ్య వస్తువులు మారతాయి. జన్యువుల్లో ఆ మార్పును పునస్సంయోజనం అంటాం. ఏకీ బీకీ మధ్య దూరం సుమారు 14 లక్షల అక్షరాలు, మారే అవకాశం తరానికి నూటికి 0.8 దరిదాపు. ఏ నుంచి డీఆర్ దాకా తీసుకుంటే సుమారు 1.5.

లెక్క మీరే వేసుకోవచ్చు. తరం 27 ఏళ్లనుకుంటే 1863 నుంచి 1971కి నాలుగు తరాలు, 1300 నుంచి 25 తరాలు. నాలుగు తరాల్లో ఏ, బీ విడిపోకుండా ఉండే అవకాశం 0.992ను నాలుగుసార్లు గుణిస్తే 0.968, అంటే విడిపోయే అవకాశం 3 శాతం. 25 తరాలకు అదే 18 శాతం. ఏ నుంచి డీఆర్ దాకా అయితే 6 శాతం, 31 శాతం. కాబట్టి అమెరికా ఏ*02:12 పాలినీషియన్ బీ రూపం పక్కన కూర్చుని కనిపిస్తే, ఆ పెట్టె చాలా చేతులు మారిందని అనుమానించడం న్యాయమే. కానీ 18కి 3కి తేడా ఆరు రెట్లే. అది సూచన అవుతుంది కానీ తీర్పు కాదు. ఒక్క మారిన కట్టను పట్టుకుని ఎవరైనా "14వ శతాబ్దం" అని రాస్తే ఆ వ్యాసం అక్కడే మూసేయండి.

థోర్స్‌బీ బృందం ఆ పొరపాటు చేయలేదు. కట్టల స్వరూపానికి తోడు వంశావళులు తీసుకున్నారు. ఒక అరుదైన కట్ట వేర్వేరు కుటుంబాల్లో కనిపిస్తే, ఆ కుటుంబాలు పైకి వెళ్లి ఏ పూర్వీకుల దగ్గర కలుస్తాయో చూస్తారు. ఆ ఉమ్మడి పూర్వీకులు బానిస వేటకు ముందే పుట్టినవాళ్లయితే, కట్ట కూడా అప్పటికే ద్వీపంలో ఉన్నట్టు. అలా అమెరికా రూపాలు 1860లకు ముందే వచ్చాయని వాళ్లు నిర్ధారించారు. యూరపియన్లు రాకముందే వచ్చాయన్నదానికి మాత్రం "సూచించే ఆధారం" అన్న మాట దగ్గర ఆగారు. నా దృష్టిలో ఆ వ్యాసాల్లో మెచ్చుకోదగ్గది ఆ ఆగడమే.

ఇలాంటి పని ఎవరైనా మరో ద్వీపంలో చేయాలనుకుంటే, తేలిగ్గా చెడేచోట్లు చెబుతాను.

మొదటిది ఎంతమంది కావాలన్న లెక్క. జనాభాలో 5 శాతం ఉన్న అల్లీల్‌ను 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే 30 మంది చాలు, ఎందుకంటే ఒక్కొక్కరికి రెండు క్రోమోజోమ్‌లు. 2 శాతం ఉన్నదానికి 75 మంది కావాలి. 48 మందితో 3 శాతం దాకా చూడగలం. ఇదంతా బంధుత్వం లేనివాళ్ల లెక్క. అన్నదమ్ములిద్దరిని తీసుకుంటే నాలుగు క్రోమోజోమ్‌లు కాదు, సగటున మూడే అయినట్టు. చిన్న ద్వీపంలో అందరూ ఏదో వరసకు బంధువులే కాబట్టి తాత నానమ్మల పేర్ల దాకా ముందే రాసుకోవాలి. "దొరకలేదు" అన్న ఫలితానికి ఈ లెక్క లేకపోతే విలువే లేదు.

ఆ లెక్కకు విరుద్ధంగా, కట్టలు తేల్చడానికి కుటుంబాలే కావాలి. తల్లీతండ్రీ పిల్లల నమూనాలుంటే ఏ రూపం ఏ పెట్టెలోదో కళ్లకు కనబడుతుంది. కుటుంబం లేకుండా గణాంకాలతో కట్టలు ఊహించే ప్రోగ్రాములున్నాయి. వందల మంది ఉంటే అవి బాగానే పనిచేస్తాయి. యాభై మందిలో ఒక్కసారే కనిపించిన కట్ట విషయంలో అవి చెప్పేది జోస్యం లాంటిదే. మనం వెతికేవేమో సరిగ్గా ఆ ఒక్కసారి కనిపించేవే. అందుకే రెండు జాబితాలు పెట్టుకోవాలి: సంఖ్యల కోసం బంధుత్వం లేనివాళ్లది ఒకటి, కట్టల కోసం కుటుంబాలది ఒకటి.

రక్తం తీయడంలో పెద్ద విద్య లేదు, 3 నుంచి 5 మిల్లీలీటర్లు, ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో. ఆకుపచ్చ మూత గొట్టం వద్దు, అందులోని హెపారిన్, డీఎన్‌ఏను పెంచి ఎక్కువ కాపీలు చేసే పీసీఆర్‌ను ఆపేస్తుంది. పాత సీరం నుంచి తీయాల్సి వస్తే అది వేరే లోకం. గడ్డకట్టినప్పుడు తెల్లకణాలు గడ్డతో పోతాయి. సీరంలో మిగిలేది పగిలిన కణాల నుంచి కారిన తునకలే, అవీ అతి తక్కువ. ఏ, బీ, సీ జన్యువుల్లో అసలు తేడాలన్నీ ఉండే రెండో ఎక్సాన్ (ప్రొటీన్‌గా మారే భాగం) 270 అక్షరాలు, మూడోది 276. మొత్తం జన్యువును ఒకే ముక్కగా పెంచడం తాజా రక్తంలో మామూలు విషయం, సీరంలో మాత్రం ఎక్సాన్‌ను ఒక్కొక్కటిగా, అవసరమైతే సగం సగంగా పెంచాలి.

డీఎన్‌ఏ తక్కువైనప్పుడు వచ్చే పెద్ద జబ్బు, రెండు రూపాల్లో ఒకటే పెరిగి రెండోది మాయమవడం. మనిషి రెండు వైపులా ఒకటే రూపం ఉన్నవాడిలా కనిపిస్తాడు. దీన్ని పట్టే మార్గం కనీసం రెండుసార్లు విడివిడిగా పెంచి చూడటం, మొత్తం జాబితాలో హార్డీ-వైన్‌బర్గ్ లెక్క (అల్లీల్ శాతాలను బట్టి ఏ జంట ఎంతమందికి ఉండాలో చెప్పేది) ప్రకారం ఒకే రూపం ఉన్నవాళ్లు ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉన్నారేమో చూడటం. ఎక్కువుంటే దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల వల్ల అనుకుని వదిలేయకండి. ఆ ఎక్కువ అన్ని జన్యువుల్లోనూ ఉంటే పెళ్లిళ్లు, ఒక్క జన్యువులోనే ఉంటే ప్రైమర్, అంటే పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క, తప్పు. నమూనా ముట్టుకున్న ప్రతి ఒక్కరి హెచ్‌ఎల్‌ఏ కూడా రాసి పెట్టుకోవాలి. ల్యాబ్‌లో ఒకరికి యూరప్‌లో తరచుగా కనిపించే ఏ*01, బీ*08, డీఆర్‌బీ1*03:01 కట్ట (డీఆర్‌బీ1 అన్నది డీఆర్ జన్యువుల్లో ఒకటి) ఉండి, అదే కట్ట ద్వీపవాసిలోనూ కనిపిస్తే, 18వ శతాబ్దపు నావికుడిని తలచుకునే ముందు ల్యాబ్ హాజరుపట్టీ చూడాలి.

రెండు రూపాలను కలిపి చదివినప్పుడు ఏ తేడా ఏ క్రోమోజోమ్‌ది అన్న సందేహం మరొకటి. ఎక్సాన్ రెండులో ఒక తేడా, మూడులో ఒక తేడా ఉంటే, రెండూ ఒకే వైపువా, చెరో వైపువా? రెండు ఊహలకూ వేర్వేరు అల్లీల్ జంటలు సరిపోతాయి. సాఫ్ట్‌వేర్ సాధారణంగా "ఎక్కువగా కనబడే జంట"ను ఎంచుతుంది. ఎక్కువగా కనబడేది అంటే యూరప్‌లో ఎక్కువగా కనబడేది. అరుదైన అమెరికా రూపం అక్కడే జారిపోతుంది.

దీని పెద్దన్న, జీనోమ్‌లో ఎంచిన అక్షరాలను మాత్రమే చదివే చిప్ డేటా నుంచి హెచ్‌ఎల్‌ఏను ఊహించడం. చౌక, వేగం, వేల మందికి చేయవచ్చు. కానీ ఊహించడానికి వాడే నమూనా జాబితాలో ఏ*02:12 ఉన్న మనుషులు లేకపోతే ప్రోగ్రామ్ ఏనాటికీ 02:12 అని చెప్పలేదు, ధైర్యంగా 02:01 అని రాస్తుంది. సందేహం ఉన్నట్టు కూడా చూపించకపోవచ్చు. ద్వీపాల విషయంలో ఊహించిన హెచ్‌ఎల్‌ఏ మీద ఆధారపడి మూలాలు చెప్పడం, చెరువులోని చేపల పేర్లు లేని జాబితా పెట్టుకుని చేపలు లెక్కించడమే.

చివరిగా శాతాలు, జనాభాల బంధుత్వం చూపే చెట్టు బొమ్మలు. 111 మందిలోంచి పెరిగిన జనాభాలో అల్లీల్ శాతం అంటే ఆ 111 మందిలో ఎవరికి ఎంతమంది పిల్లలు పుట్టారన్నదే. దానికి తోడు హెచ్‌ఎల్‌ఏ మీద రోగాల ఒత్తిడి ఉంటుంది. మశూచి తుడిచిపెట్టిన చోట మిగిలిన శాతాలు వలస కథను మాత్రమే చెప్పవు. కాబట్టి ఉందా లేదా, ఏ కట్టలో ఉంది అన్నవి చూడాలి, శాతాలతో దూరాలు కొలిచి చెట్టు గీయకూడదు. ఒకే డీఆర్‌బీ1 జన్యువు శాతాలతో గీసిన చెట్టులో గ్రీకులు సహారా దిగువ ఆఫ్రికా పక్కన పడ్డారు. ఒక్క జన్యువుతో అలాంటి తీర్పు చెల్లదని 2002లో నేచర్‌లో జన్యు శాస్త్రవేత్తలు రిష్, పియాజ్జా, కవల్లి-స్ఫోర్జా గట్టిగానే రాశారు.

హేయర్‌డాల్ విషయానికి వస్తాను. 1947లో ఆయన కోన్-టికి తెప్ప మీద పెరూ నుంచి పాలినీషియా చేరాడు, 1955-56లో ఈస్టర్ ద్వీపంలో తవ్వకాలు చేయించాడు. తూర్పు పాలినీషియాలో మొదట స్థిరపడింది దక్షిణ అమెరికావాళ్లే అన్నది ఆయన వాదం. అది నిలవలేదు. హెచ్‌ఎల్‌ఏ, మైటోకాండ్రియా, భాష అన్నీ పాలినీషియా వైపే వేలు చూపిస్తాయి. 1994లో జన్యు శాస్త్రవేత్త ఎరికా హాగెల్‌బర్గ్ పాత ఎముకల్లో చూసినదీ పాలినీషియన్ గుర్తే. కలయిక జరిగిందన్న ముక్క మాత్రం నిలబడింది.

చిలగడదుంప ఎప్పటినుంచో అదే చెబుతోంది. అది అమెరికా పంట, అయినా యూరపియన్లు రాకముందే పాలినీషియాలో ఉంది. పాలినీషియన్ భాషల్లో కుమారా, ఆండీస్ ప్రాంతపు కెచువా భాషలోనూ దానికి దగ్గరి పేరే. మనకేమో కోస్తాలో చిలగడదుంప, రాయలసీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో మోరంగడ్డ. రెండు జిల్లాలు దాటేసరికి పేరు మారిపోయే దుంపకు మహాసముద్రం రెండు ఒడ్డులా ఒకే పేరు ఉండటం చిన్న విషయం కాదు.

తేదీ ప్రశ్నకు అసలు జవాబు మొత్తం జీనోమ్ నుంచి వచ్చింది. తర్కం పైన చెప్పిన నగల పెట్టెదే, ఒక పెట్టెకు బదులు వేల పెట్టెలు. కలయిక జరిగి n తరాలైతే బయటి ముక్కల సగటు పొడవు సుమారు 100ను nతో భాగించినన్ని సెంటీమోర్గాన్లు (తరానికి నూటికి ఒకసారి విడిపోయేంత దూరం ఒక సెంటీమోర్గాన్). నాలుగు తరాలకు 25, ఇరవై తరాలకు 5. హెచ్‌ఎల్‌ఏ ప్రాంతం మొత్తం నాలుగు సెంటీమోర్గాన్ల లోపే, అందుకే దాంతో గడియారం చూడటం కష్టం. 2014లో 27 మంది రాపా నుయ్ వాసుల జీనోమ్‌లలో సుమారు 76 శాతం పాలినీషియా, 16 యూరప్, 8 అమెరికా ఆదివాసుల వాటా కనిపించాయి. అమెరికా ముక్కలు పొట్టివి, యూరప్ ముక్కలు పొడవైనవి. అంటే అమెరికా కలయికే పాతది, లెక్క 1280-1495 మధ్య వచ్చింది. బానిస వేట, చిలీ దారులు రెండూ అక్కడ మూసుకున్నాయి.

2017లో ఐదుగురి పాత ఎముకల్లో అమెరికా వాటా కనబడలేదని వ్యాసం రావడంతో మళ్లీ గొడవ మొదలైంది. 2020లో 17 ద్వీపాల జనాభాలు, అమెరికా పసిఫిక్ తీరంలోని 15 ఆదివాసీ సమూహాలు, మొత్తం 807 మందితో చేసిన పనిలో, కలయిక ఇంకా ముందే, సుమారు 1200 ప్రాంతంలో, తూర్పు పాలినీషియాలో జరిగిందని తేలింది. దగ్గరి పోలిక ఈనాటి కొలంబియాలోని జెనూ ప్రజలతో. అదే నిజమైతే రాపా నుయ్‌లో మొదట దిగినవాళ్లే అమెరికా జన్యువులను పడవలో తెచ్చి ఉండవచ్చు. 2024లో పారిస్ మ్యూజియంలో ఉన్న 15 మంది రాపా నుయ్ పూర్వీకుల అవశేషాల్లో సుమారు 10 శాతం అమెరికా వాటా దొరికింది, తేదీ 1250-1430. ఎవరు ఎటు ప్రయాణించారన్నది ఈ లెక్కల్లో ఎక్కడా లేదని గుర్తుంచుకోండి. పిల్లలు పుట్టారని జన్యువులు చెబుతాయి, పడవ ఎవరిదో చెప్పవు. సముద్రయానంలో పాలినీషియన్ల నేర్పు చూస్తే వాళ్లే అటు వెళ్లి వచ్చారని నేను అనుకుంటాను. అది అభిప్రాయమే.

అండమాన్‌కు ఇదే పద్ధతి వాడవచ్చు కదా అని ఇంకొకరు అడిగారు. పెద్దగా ఉపయోగం లేదు. రాపా నుయ్‌లో కలయిక జరిగింది వందల ఏళ్ల కింద, పోల్చడానికి మూల జనాభా అమెరికాలో ఇప్పటికీ ఉంది. ఓంగే, గ్రేట్ అండమానీ వాళ్ల విడిపోవడం పదుల వేల ఏళ్ల నాటిది. అంతకాలంలో ఏ కట్టా నిలవదు, ఇదీ వాళ్ల మూల జనాభా అని పక్కన పెట్టి చూడటానికి ఎవరూ మిగల్లేదు. అందుకే హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) బృందం 2005లో సైన్స్ పత్రికలో రాసినప్పుడు పూర్తి మైటోకాండ్రియా డీఎన్‌ఏ మీద ఆధారపడి ఎం31, ఎం32 అనే తల్లి వైపు వంశాలను చూపించింది. లోతైన కాలానికి అదే సరైన పనిముట్టు.

మీ నాన్నగారి రిపోర్టు పారేయకండి. దాతలుగా పరీక్ష చేయించుకున్న మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల రిపోర్టులు, అమ్మగారిది ఉంటే అదీ, పక్కపక్కన పెట్టండి. ఏ, బీ, డీఆర్ మూడింటికీ ఒక్కొక్కరికి రెండేసి సంఖ్యలుంటాయి. పిల్లల్లో ప్రతి ఒక్కరికీ నాన్న నుంచి ఏ సంఖ్యలు వచ్చాయో గీత గీయండి. ఇద్దరు ముగ్గురు పిల్లలు చూసేసరికి నాన్నగారి రెండు కట్టలూ విడిపోయి కనిపిస్తాయి. తోబుట్టువులిద్దరికి రెండు కట్టలూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి, ఒక కట్ట కలిసేది సగం, ఏదీ కలవనిది మళ్లీ నాలుగింట ఒకటి. దీనికి గుంపు స్థాయి రిపోర్టు చాలు. ఎవరిలోనైనా నాన్న ఒక కట్టలోని ఏ, ఇంకో కట్టలోని బీ కలిసి కనిపిస్తే, ముందు రిపోర్టులో అచ్చుతప్పు ఉందేమో ల్యాబ్‌ను అడగండి. తప్పు లేదంటే, వందలో ఒకరి కన్నా తక్కువ మందికి జరిగే పెట్టెల మార్పిడి మీ ఇంట్లోనే జరిగిందన్నమాట.